ముందు చక్రంలో అదురు, టకటక: విప్పకముందే లోపం పట్టుకోవడం ఎలా

కిందటేడు వానలు వెలిశాక మా కారు ముందు ఎడమ వైపు నుంచి టక్ టక్‌మని చప్పుడు మొదలైంది. శ్రీకాకుళం జిల్లాలో చిలకపాలెం దగ్గర హైవే దిగి పొందూరు మీదుగా రాజాం వెళ్ళే దారిలో రోజూ తిరుగుతాను. హైవే మీద ఉన్నంతసేపూ ఏమీ వినపడదు. అతుకులేసిన రోడ్డు మీదకు వచ్చి 20, 30లో నడుపుతుంటే మాత్రం కాళ్ళ కిందే ఎవరో తలుపు తడుతున్నట్టు ఉండేది. ఒక వర్క్‌షాపులో ఎడమ చక్రం జాకీ మీద లేపి, ఊపి చూసి, షాకులు (బండి ఊపును అణిచే షాక్ అబ్జార్బర్లు) పోయాయన్నారు. రెండూ మార్పించాను. బిల్లు కట్టి బయటికొచ్చి మొదటి స్పీడ్ బ్రేకర్ ఎక్కాను. మళ్ళీ అదే టక్.

ఆ తర్వాత, లారీల దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు కార్లు చూస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన జాకీ ముట్టుకోలేదు. "ఎప్పుడొస్తంది బాబూ సౌండు? గోతిలో పడ్డప్పుడా, బ్రేకు కొట్టినప్పుడా, తిప్పినప్పుడా?" అని అడిగారు. చెప్పాను. "ఇప్పీడం ఎంతసేపు. ముందు ఇనాల" అని, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పించి, నాలుగు చక్రాలూ నేల మీదే ఉండగా చక్రం వెనక సందులోకి చెయ్యి పోనిచ్చారు. లింక్ రాడ్ పై కీలు మీద నా వేళ్ళు ఆనించమని, తను బండిని పక్కలకు ఊపారు. ఊపిన ప్రతిసారీ వేలి కొసకి చిన్న దెబ్బ తగిలింది, కదులుతున్న పన్ను నాలుకకి తగిలినట్టు. అరనిమిషంలో లోపం దొరికింది.

మొదటి చోట అది ఎందుకు దొరకలేదో ఆయనే చెప్పారు. లింక్ రాడ్ అంటే రెండు ముందు చక్రాలనీ కలిపే స్టెబిలైజర్ బార్ చివరను షాకుకు పట్టి ఉంచే చిన్న కడ్డీ. రెండు కొసల్లోనూ బంతి కీళ్ళు ఉంటాయి. ఒక్క చక్రాన్నే జాకీ మీద లేపితే ఆ బార్ మెలి తిరిగి లింక్ రాడ్‌ని బిగువుగా లాగి పట్టుకుంటుంది. కీలు ఎంత అరిగినా అప్పుడు కదలదు. బండి రోడ్డు మీద ఉన్నప్పుడు మాత్రమే ఆ కీలు ఖాళీగా ఆడుతుంది, కొట్టుకుంటుంది. అంటే చప్పుడు ఏ స్థితిలో వస్తోందో ఆ స్థితిలోనే వెతకాలి. ఈ మార్గదర్శి మొత్తం ఆ ఒక్క మాట చుట్టూనే రాస్తున్నాను. మన వైపు ఎక్కువగా తిరిగే చిన్న కార్లను, అంటే ఇంజను ముందు చక్రాలనే తిప్పే బళ్ళను మనసులో పెట్టుకుని రాశాను.

బండి ఆపెయ్యాల్సిన సందర్భాలు

వెతుకులాటకు ముందు ఇది చదవండి. టైరు పక్క గోడ మీద బుడిపె లేచినా, వీల్ నట్టు వదులైనట్టు కనిపించినా, ఉన్నట్టుండి స్టీరింగు చేతుల్లోంచి గుంజుకునేంత ఊగినా, చప్పుడుతో పాటు బండి ఒక పక్కకు లాగుతున్నా, టెస్టు డ్రైవు మాట మరిచిపోండి. అక్కడే ఆపి స్టెప్నీ వేసుకోవడమో, మెకానిక్‌ని అక్కడికే పిలిపించుకోవడమో చెయ్యండి. చక్రాన్ని కింద పట్టి ఉంచే బంతి కీలు, అంటే కింది బాల్ జాయింటు, బాగా అరిగి గూటిలోంచి ఊడి వస్తే చక్రం అడ్డంగా మడత పడిపోతుంది, ఆ క్షణంలో స్టీరింగు పనికిరాదు. చక్రం విప్పి బిగించిన ఒకటి రెండు రోజుల్లోనే టకటక మొదలైతే మొదటి అనుమానం నట్ల మీదే పెట్టుకోండి.

మొదటి మెట్టు: అదురా, దెబ్బా, హోరా?

చాలామంది మెకానిక్‌తో "ముందర ఏదో సౌండు వస్తోంది" అని ఊరుకుంటారు. ఆ మాటతో ఆయన కూడా ఊహించడమే తప్ప చేసేదేమీ ఉండదు. మూడు రకాలుగా విడదీయండి.

అదురు అంటే వేగాన్ని బట్టి వచ్చేది. రోడ్డు అద్దంలా ఉన్నా వస్తుంది. తిరిగే వస్తువులో తేడా ఉంటేనే ఇది పుడుతుంది: టైరు, రిమ్ము, బ్రేకు డిస్కు, హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం), యాక్సిల్ (ఇంజను బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ). దెబ్బ, అంటే టకటక, లొడలొడ, ధడ్‌మనడం, రోడ్డును బట్టో మనం చేసే పనిని బట్టో వస్తుంది. ఎక్కడో ఒక కీలో, బుష్ అనే రబ్బరు తొడుగో వదులైందని అర్థం. హోరు మూడోది. గుయ్యిమని విమానంలా, వేగంతో పాటు పెరుగుతూ పోతుంది. ఇది బేరింగైనా కావచ్చు, ఎగుడుదిగుడుగా అరిగిన టైరైనా కావచ్చు.

అదురు విషయంలో కొంచెం లెక్క తెలిస్తే సగం పని అయిపోతుంది. చిన్న కారు టైరు చుట్టుకొలత దాదాపు 1.8 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, అంటే చక్రం సెకనుకు 12 సార్లు తిరుగుతుంది. ముందు సస్పెన్షన్‌కూ తనదైన ఒక ఊపు ఉంటుంది, సుమారుగా సెకనుకు 10 నుంచి 15 సార్లు. ఉయ్యాల వెనక్కి వచ్చిన ప్రతిసారీ సరిగ్గా ఆ సమయానికే తోస్తే చిన్న తోపుకే ఎంత ఎత్తుకు లేస్తుందో చూశారు కదా? అదే ఇక్కడా జరుగుతుంది. రిమ్ము మీద పాతిక గ్రాముల తేడా ఉన్నా, 40లో తెలియనిది 80 నుంచి 110 మధ్య స్టీరింగును గజగజలాడిస్తుంది. ఆ వేగం దాటితే మళ్ళీ తగ్గినట్టనిపించవచ్చు. కాబట్టి "80 దాటాక స్టీరింగు వణుకుతోంది" అంటే మొట్టమొదట చూడాల్సింది బ్యాలెన్సింగు, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందా అన్నది. అలా కాక 20, 30లోనే స్టీరింగు నెమ్మదిగా అటూ ఇటూ ఊగుతుంటే అది బ్యాలెన్సింగు కాదు. రిమ్ము వంగి ఉండాలి, లేదా టైరు లోపల పొర విడి ఉబ్బి ఉండాలి.

రెండో మెట్టు: రోడ్డు మీద పరీక్ష

ఒక మనిషిని వెంట తీసుకెళ్ళండి. ఒకరు నడపాలి, ఒకరు వినాలి. ఏసీ, పాటలు ఆపెయ్యండి. డిక్కీలో జాకీ, పానా, నీళ్ళ క్యాను లాంటివి దించెయ్యండి, డ్యాష్‌బోర్డులో ఉన్న చిల్లర కూడా తీసెయ్యండి. స్టెప్నీ బోల్టు వదులై చేసిన చప్పుడును ముందు చక్రం మీద వేసిన సందర్భం నాకు తెలుసు.

ముందు నాణ్యమైన రోడ్డు. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల వాళ్ళకీ 16వ నెంబరు జాతీయ రహదారి అందుబాటులోనే ఉంది. పొద్దున్నే రద్దీ లేనప్పుడు, బోర్డు మీద ఉన్న వేగ పరిమితి దాటకుండా, 40, 60, 80 అని మెల్లగా పెంచుతూ పొండి. అదురు మొదలైన అంకె గుర్తుపెట్టుకోండి. స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాలు, సీటులో తెలిస్తే వెనక చక్రాలు అని సాధారణంగా అనుకోవచ్చు. ఇప్పుడు అదే వేగంలో యాక్సిలరేటరు మీద కాలు తీసెయ్యండి. కాలు తీయగానే అదురు మాయమై, తొక్కగానే మళ్ళీ వస్తే టైర్లది తప్పు కాదు, యాక్సిల్ లోపలి కీలు అరిగింది. గేరుబాక్సు వైపు ఉండే ఆ కీలు మీద ఇంజను బలం పడ్డప్పుడే అది తేడా చూపిస్తుంది. బ్యాలెన్సింగు తేడాకి మీ కాలుతో పని లేదు, తొక్కినా తీసినా ఉంటుంది.

తర్వాత వెనక ఎవరూ లేరని చూసుకుని 80 నుంచి మెల్లగా బ్రేకు వెయ్యండి. బ్రేకు వేసినప్పుడు మాత్రమే స్టీరింగు వణికి, పెడల్ కూడా పాదం కింద కొట్టుకుంటే డిస్కు. దీన్ని "డిస్కు వంగిపోయింది" అంటారు గానీ చాలాసార్లు అది వంగదు. ఒకచోట మందం, ఒకచోట పలచన అవుతుంది, ప్యాడ్లు ఆ తేడా మీద ఎక్కి దిగుతుంటాయి.

హోరు ఉంటే 50, 60లో పొడుగాటి మలుపులు తీసుకోండి. ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడి బేరింగును అనుమానించాలి, తగ్గితే ఎడమది. మలుపుతో ఏ తేడా లేకపోతే టైరు వైపు చూడాలి.

ఇక దెబ్బల సంగతి. దీనికి పాడైన రోడ్డు కావాలి, దానికి మన దగ్గర కొరత లేదు. 15, 20లో రెండో గేరులో, అద్దాలు దించి, వీలైతే ఒక ప్రహరీ గోడ పక్కనుంచి నడపండి. గోడ చప్పుడును తిరిగి చెవికి పంపిస్తుంది. చిన్న చిన్న గతుకుల మీద టకటక ఎక్కువై, పెద్ద గుంతలో నెమ్మదిగా దిగితే రాకపోతే లింక్ రాడ్ లేదా స్టెబిలైజర్ బుష్‌లు. పెద్ద గుంతలో ధడ్‌మని ఒక్క దెబ్బ కొడితే షాకు, షాకు పైకొసను బండికి పట్టి ఉంచే మౌంటు, లేదా విరిగిన స్ప్రింగు. బ్రేకు వేసిన క్షణంలో ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి డక్‌మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బండికి పట్టి ఉంచే ఇనప చెయ్యి) బుష్. అది చిరిగి ఉంటే బ్రేకు పడ్డప్పుడు చక్రం మొత్తం వెనక్కి జరిగి తగులుతుంది. గతుకుల మీద లొడలొడమంటున్న చప్పుడు బ్రేకు పెడల్‌ను కొంచెం నొక్కి ఉంచితే ఆగిపోతోందా? అది సస్పెన్షన్ కాదు, బ్రేకు ప్యాడ్లో, ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిన్నులో ఆడుతున్నాయి. ఈ ఒక్క పరీక్ష చెయ్యక లోయర్ ఆర్ములు మార్పించుకున్న వాళ్ళున్నారు.

ఆఖరున ఖాళీ మైదానంలో స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి మెల్లగా గుండ్రంగా తిరగండి. కటకటకటమని వరసగా వస్తే యాక్సిల్ బయటి కీలు. బండి నిలిపి ఉంచి స్టీరింగు తిప్పినప్పుడు స్ప్రింగు ఎగిరినట్టు టంగ్‌మంటే షాకు పైన ఉండే మౌంటు బేరింగు పట్టేసిందని. ఒకరు స్టీరింగు తిప్పుతుంటే మరొకరు బానెట్ ఎత్తి, షాకు తల మీద అరచెయ్యి పెడితే ఆ ఎగురు చేతికే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక. ఇనుము చప్పుడును మోసుకుపోతుంది. ఎడమ వైపు వినపడుతున్నది కుడి వైపుది కావచ్చు. ఏ పక్కో చెవి చెప్పినదాన్ని నమ్మి పార్టు కొనకండి, చెయ్యి చెప్పాలి.

మూడో మెట్టు: జాకీ లేకుండా, నేల మీద

బండి చల్లారాక టైర్లలో గాలి కొలవండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు స్తంభం మీద అంటించిన కాగితం చెబుతుంది. చిన్న కార్లకు ఎక్కువగా 30 నుంచి 33 పీఎస్‌ఐ ఉంటుంది. తర్వాత వీల్ పానాతో ప్రతి నట్టూ సరిగ్గా బిగువుగా ఉందో లేదో చూడండి.

ఇప్పుడు రిమ్ము లోపలి వైపు, అంటే షాకు వైపు, టార్చి వేసి చూడండి. పొలం గట్ల దారిలో, చెరకు బళ్ళు తిరిగిన మట్టి రోడ్డులో వానాకాలం పోయి వచ్చిన బండి మర్నాడు హైవే ఎక్కగానే వణికిందంటే, నూటికి తొంభై పాళ్ళు రిమ్ము లోపల ఎండిన బురద పెళ్ళే. ఒక్క వైపే గట్టిపడి అంటుకుని ఉంటుంది. నీళ్ళ పైపుతో కడిగి మళ్ళీ నడిపి చూడండి. చాలామందికి పని ఇక్కడితో అయిపోతుంది.

కోతల రోజుల్లో ఇంకోటి. వరి గడ్డి, ఉలవ తీగ రోడ్డు మీద పరచడం మన పల్లెల్లో మామూలే. దాని మీంచి పోయిన బండికి యాక్సిల్ చుట్టూ గడ్డి తాడులా పేనుకుంటుంది. చర్‌చర్‌మని రాపిడి చప్పుడు వస్తుంది, కీలు మీద రబ్బరు బూటును కోసేస్తుంది కూడా. పైగా సైలెన్సరు వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. ఇంజను ఆపి, చల్లారాక కత్తిరించి తీసెయ్యండి. చక్రం తిరుగుతుండగా లాగొద్దు.

టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమరండి. ఒక దిక్కు నున్నగా, ఎదురు దిక్కు రంపంలా తగిలితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలిచే దిశ, తప్పింది. అక్కడక్కడ గిన్నెల్లా గుంటలు పడితే షాకు పట్టు వదిలింది, ఆ గుంటలే హోరు కూడా చేస్తాయి. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు మిగిలి ఉన్నా వయసైపోయిన టైరు పొరలు విడిపోతుంటాయి.

లింక్ రాడ్ పరీక్ష కూడా ఇప్పుడే, నేను పైన చెప్పినట్టే చెయ్యండి. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, స్టీరింగు ఒక పక్కకు తిప్పి, కీలు మీద వేళ్ళు పెట్టి, ఇంకొకరిని బండి పక్కలకు ఊపమనండి. బలంగా అక్కర్లేదు. లయగా ఊపితే చాలు. కీలు రబ్బరు చిరిగి గ్రీజు కారిపోయి ఉంటే దాదాపు ఖాయమే. అయినా అనుమానం మిగిలితే మెకానిక్ చేత రెండు వైపుల లింక్ రాడ్లూ విప్పించి, అవి లేకుండా వర్క్‌షాపు ముందు సందులో నెమ్మదిగా ఒక రౌండు నడిపించండి. చప్పుడు పోతే దొంగ దొరికినట్టే. అలా విప్పిన బండిని హైవే మీదకు మాత్రం తీసుకెళ్ళొద్దు, మలుపుల్లో బాగా ఒరుగుతుంది.

నాలుగో మెట్టు: జాకీ మీద

గట్టి, సమతలమైన నేల చూసుకోండి. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. ముందు చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలంటే బండి న్యూట్రల్‌లో ఉండాలి కాబట్టి ఈ రాళ్ళు తప్పనిసరి. నట్లను చక్రం నేల మీద ఉండగానే కొంచెం వదులు చెయ్యాలి, అది కూడా చక్రం విప్పే ఉద్దేశం ఉంటేనే. ఊపి చూసేటప్పుడు నట్లు బిగువుగా ఉండాలి. కంపెనీ జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే. జాకీ స్టాండు పెట్టకుండా శరీరంలో ఏ భాగాన్నీ బండి కిందకు పోనివ్వకండి. ఈ విషయంలో మొహమాటం వద్దు, మెకానిక్ జాకీ ఒక్కదాని మీద దూరబోతున్నా ఆపండి.

చక్రాన్ని గడియారంలా ఊహించుకోండి. 12 దగ్గర ఒక చెయ్యి, 6 దగ్గర ఒక చెయ్యి పెట్టి, పైది లోపలికి, కిందిది బయటికి, వెంటనే తిరగేసి ఊపండి. టిక్ టిక్‌మని ఆడితే బేరింగు కావచ్చు, కింది బాల్ జాయింటు కావచ్చు. రెండింటినీ విడదీయడం ఇలా: లోపల మనిషిని బ్రేకు గట్టిగా తొక్కి పట్టమనండి. బ్రేకు పడితే డిస్కు, హబ్బు కలిసి బిగుసుకుంటాయి, బేరింగు వదులు దాగిపోతుంది. బ్రేకు తొక్కాక ఆట ఆగిపోతే బేరింగు. ఆగకపోతే బాల్ జాయింటు, లేదా షాకు పై మౌంటు.

బాల్ జాయింటుకు ఇంకో పరీక్ష కావాలి. మన కార్లలో స్ప్రింగు బరువు షాకు మీదే ఉంటుంది, కాబట్టి చక్రం వేలాడుతున్నప్పుడు ఈ కీలు మీద బరువేమీ ఉండదు. టైరు కింద పొడుగాటి ఇనప కడ్డీ పెట్టి పైకి ఎత్తుతూ దించుతూ ఉంటే, లోయర్ ఆర్మ్‌కీ చక్రం మోసే భాగానికీ మధ్య నిలువు ఆట ఉంటే కంటికి కనపడుతుంది. కనపడిందంటే రేపటికి వాయిదా వెయ్యొద్దు.

తర్వాత 3, 9 దగ్గర చేతులు పెట్టి కుడి ఎడమలకు ఊపండి. స్టీరింగు మొత్తం కదులుతుంది, అది లోపం కాదు. స్టీరింగు కదలక ముందే చిన్న టక్ వినపడుతోందా అన్నదే చూడాలి. రెండో మనిషి టై రాడ్ ఎండ్ (స్టీరింగు కడ్డీ చక్రానికి కలిసే కీలు) మీద వేళ్ళు పెడితే దెబ్బ వేలికి తెలుస్తుంది. అక్కడ ఏమీ లేక లోపల, ముడతల రబ్బరు బూటులో కొడుతుంటే స్టీరింగు ర్యాక్ లోపలి కీలు.

బేరింగు హోరు తేల్చడానికి ఒక అందమైన పద్ధతి ఉంది. ఒక చెయ్యి కాయిల్ స్ప్రింగు మీద తేలిగ్గా ఉంచి, రెండో చేత్తో చక్రాన్ని జోరుగా తిప్పండి. మంచి బేరింగైతే స్ప్రింగు నిశ్శబ్దంగా ఉంటుంది. అరిగినదైతే స్ప్రింగు చుట్టల్లోంచి ఇసుక జారుతున్నట్టు గరగర వేళ్ళలోకి వస్తుంది. రెండో వైపు చక్రంతో పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. తిరిగే చక్రం ఊచల దగ్గర వేళ్ళు, పొడుగు చేతుల చొక్కా జాగ్రత్త.

అదే తిప్పుడులో రిమ్ము అంచు దగ్గర ఒక స్క్రూడ్రైవరు కదలకుండా పట్టుకుని ఉంచండి. అంచుకీ కొసకీ మధ్య సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే రిమ్ము వంగింది. టైరు మీద కూడా అలాగే చూడండి.

లోయర్ ఆర్మ్ బుష్‌ను, ముఖ్యంగా వెనకదాన్ని, కడ్డీతో మెల్లగా ఎత్తి చూడాలి. రబ్బరు మీద సన్న పగుళ్ళు ఉంటే కంగారు పడక్కర్లేదు. లోపలి గొట్టం నుంచి రబ్బరు విడిపోయి అర్ధచంద్రంలా సందు కనపడితే మార్చాలి. యాక్సిల్ బూట్లు కూడా చూడండి. చిరిగి, రిమ్ము లోపలంతా నల్ల గ్రీజు చిమ్మి ఉంటే, కటకట ఇంకా మొదలవకపోయినా మొదలయ్యే రోజు దగ్గర్లోనే ఉంది.

కళింగపట్నం, బారువ, భావనపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళ బళ్ళకు ఇంకొకటి తప్పక చూడాలి: స్ప్రింగు అట్టడుగు చుట్ట. ఉప్పు గాలికి పెయింటు లేచి, తుప్పు తిని, చివరి ముక్క విరుగుతుంది. విరిగిన ముక్క స్ప్రింగు కింది గిన్నెలోనే కూర్చుని ఉండటం వల్ల పైనుంచి చూస్తే తెలియదు. టార్చి వేసి కొస వెతకండి. నున్నగా కోసినట్టు ఉంటే అది అసలు కొస, గరుకుగా తుప్పు పట్టి ఉంటే విరిగిన చోటు.

అదురు అయితే: ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకి

దెబ్బలకు చెయ్యి చాలు, అదురుకు కొన్నిసార్లు యంత్రం కావాలి. అయినా బ్యాలెన్సింగుకు ముందు ఒక ఉచిత పరీక్ష ఉంది. ముందు రెండు చక్రాలనీ వెనక్కి, వెనకవి ముందుకీ మార్చి అదే రోడ్డు మీద నడపండి. అదురు స్టీరింగులోంచి సీటులోకి మారితే తప్పు టైరుదో రిమ్ముదో. ఏ మార్పూ లేకపోతే హబ్బు, డిస్కు, యాక్సిల్ వైపు వెళ్ళాలి.

చక్రం విప్పినప్పుడే రిమ్ము ఆనే చోటు హబ్బు మీద తుప్పు పెచ్చులు ఉన్నాయేమో చూసి, వైర్ బ్రష్‌తో గీకి శుభ్రం చెయ్యండి. ఒక్క పెచ్చు సందులో ఇరుక్కున్నా చక్రం ఒరిగి కూర్చుంటుంది, ఎన్నిసార్లు బ్యాలెన్సింగు చేయించినా అదురు పోదు.

బ్యాలెన్సింగు షాపులో నిలబడి చూడండి. బరువులు అతికించాక చక్రాన్ని మళ్ళీ తిప్పించి, రెండు వైపులా సున్నా వచ్చిందో లేదో మీ కళ్ళతో చూసుకోండి. తిరుగుతున్నప్పుడు రిమ్ము అంచు అలలా ఊగుతుందేమో కూడా అప్పుడే కనిపెట్టవచ్చు. వంగిన రిమ్ముకూ యంత్రం సున్నా చూపించగలదు. బరువు సమానమైనంత మాత్రాన గుండ్రం అయిపోదు. బ్యాలెన్సింగు వేరు, అలైన్‌మెంట్ వేరు. వణుకుకు మొదటిది, పక్కకు లాగడానికీ టైరు అంచు అరగడానికీ రెండోది. వణుకుతోందని అలైన్‌మెంట్ చేయించి డబ్బు పోగొట్టుకోకండి.

డిస్కు మీద అనుమానం ఉంటే మందాన్ని మైక్రోమీటరుతో చుట్టూ కొన్ని చోట్ల కొలిపించాలి. ఎంతకంటే పలచబడకూడదో డిస్కు మీదే చాలావరకు అచ్చు వేసి ఉంటుంది. ఆ అంకెకు దగ్గరగా వచ్చిన దాన్ని లేతు పట్టించడం వద్దు, మార్చెయ్యండి.

బిగించేటప్పుడు

షాకులు, లింక్ రాడ్లు, డిస్కులు రెండు వైపులా కలిపి మార్చడం మంచిది. బేరింగు మాత్రం పోయిన వైపే చాలు. టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్, షాకు, వీటిలో ఏది కదిలించినా అలైన్‌మెంట్ తప్పదు.

లోయర్ ఆర్మ్ వేయించుకునే వాళ్ళు ఈ సంగతి మెకానిక్‌కు ముందే చెప్పాలి. బుష్ బోల్టులను చక్రం వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకూడదు. అలా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే భంగిమలోనే పట్టుబడి, బండి దించగానే మెలి తిరిగి, కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. బోల్టులు చేతి బిగువుతో ఉంచి, బండి బరువు చక్రాల మీదకు వచ్చాకే పూర్తిగా బిగించాలి. కొత్త లోయర్ ఆర్మ్ వేసినా ఏడాది తిరక్కుండా మళ్ళీ డక్‌మంటోందని బాధపడే వాళ్ళలో చాలామంది విషయంలో జరిగేది ఇదే.

వీల్ నట్లు ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు బిగించాలి. చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకె మీ బండి పుస్తకంలో చూడండి. గాలి గన్నుతో గర్రుమని బిగించి వదిలేస్తే కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ పడి డిస్కు ఊగుతుంది. చివరి బిగింపు టార్క్ పానాతో చెయ్యమని అడగండి. లేదంటే కనీసం చేతి పానాతో.

తర్వాత మొదటిసారి చప్పుడు వచ్చిన రోడ్డుకే, అదే వేగంతో, అదే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళండి. నేను లింక్ రాడ్లు రెండూ మార్పించిన సాయంత్రమే పొందూరు దాటి ఆ అతుకుల రోడ్డు మీద అద్దాలు దించి 25లో నడిపాను. టైర్ల కింద కంకర నలిగిన చప్పుడు, పక్క పొలంలో నీళ్ళ మోటారు మాత్రమే వినపడ్డాయి. చక్రాలు విప్పి బిగించాం కాబట్టి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక బండి చల్లారనిచ్చి నట్లు ఇంకోసారి పానాతో సరిచూశాను. వాటిలో ఒక నట్టు పావు తిప్పు తిరిగింది.